మళ్ళీ కూస్తుందట!

(రేడియో స్త్రీల కార్యక్రమంలో చేసిన ప్రసంగం)



మన భాషలో "ట" అనే ఒక్క అక్షరం ఎంత పని చేస్తుందో ఎప్పుడైనా గమనించారా? "చక్కెర ధర పెరిగింది" అంటే అది వార్త. విని ఊరుకుంటాం. "పెరుగుతుందట" అంటే మాత్రం సంచీ పుచ్చుకుని బజారుకు బయల్దేరతాం. చెప్పినవాళ్ళకు పూచీ లేదు, విన్నవాళ్ళకు నిద్ర లేదు. మా మేనమామగారింట్లో ఇలాంటి "ట" ఒకటి చాలా ఏళ్ళు కాపురం చేసింది. "స్టేషను ముందున్న ఇంజను మళ్ళీ నడుపుతారట" అన్నదే అది.

మామయ్య రైల్వేలో ఫైర్‌మన్‌గా చేరి, డ్రైవరై, రిటైరయ్యాడు. ముంజేతుల మీద నిప్పురవ్వలు పడిన మచ్చలు ఆయనకు చివరిదాకా ఉన్నాయి. చిన్నప్పుడు సెలవులకు వాళ్ళింటికి వెళితే, అర్ధరాత్రి పూట కాల్‌బాయ్ వచ్చి తలుపు కొట్టడం, అత్తయ్య లేచి స్టవ్వు వెలిగించి కారియర్ సర్దడం నాకు బాగా జ్ఞాపకం. డ్యూటీనుంచి వచ్చిన బట్టల్ని అత్తయ్య మిగతా బట్టల్లో కలవనిచ్చేది కాదు. సోడా వేసి మరగబెట్టి, రాయికేసి బాదినా నల్లటి జిడ్డు పోయేది కాదు.

రిటైరయిన కొన్నాళ్ళకు, వాళ్ళ ఊరి స్టేషను ముందు అరుగు కట్టి ఓ పాత ఆవిరి ఇంజనును నిలబెట్టారు. చుట్టూ గడ్డి పెంచారు. మామయ్యకు సాయంత్రం నడక అటువైపే. ఒక ఏడాది మనుషులు వచ్చి దాన్ని గోకి, నల్లరంగు వేసి, ఇత్తడి భాగాలు తోమడం మొదలుపెట్టారు. ఇంకేముంది, కాలనీ అంతా "ట"లే. ఎవరో పెద్ద ఆఫీసరు వస్తున్నాడట, ఇంజనును దింపుతారట, పాతవాళ్ళను పిలిచి నడిపిస్తారట! మామయ్య ఆ పూట చేతికర్రకు బదులు చిన్న సుత్తి పట్టుకుని వెళ్ళాడు. తిరిగొచ్చి అన్నానికి లేవలేదు. ఏమయిందండీ అని అత్తయ్య అడిగితే, "రంగు బాగానే వేశారు. లోపల గొట్టాల్లేవు" అన్నాడు.

ఆ మాటకు అర్థం నాకు చాలా ఏళ్ళకు గాని తెలియలేదు. ఇది మనకు అర్థం కాని విషయం ఏమీ కాదు. వంటింట్లో ప్రెషర్ కుక్కరు పెట్టే ప్రతి ఇల్లాలికీ రైలింజను సగం తెలిసినట్టే. ఇంజను ముందుభాగంలో పొడుగ్గా, పీపాలాగా కనిపించేది బాయిలరు. దాని వెనక చివర పొయ్యి. పొయ్యిలోని వేడి గాలి, పొగ, బాయిలరు లోపల వరసగా పేర్చిన గొట్టాలలోనుంచి ముందుకు పోతాయి. ఆ గొట్టాల చుట్టూ నీళ్ళుంటాయి. నీళ్ళు మరిగి, ఆవిరి బయటికి పోయే దారి లేక బలం పుంజుకుంటుంది. ఆ బలాన్ని సిలిండరులోకి వదిలితే పిస్టను ముందుకూ వెనక్కూ కదులుతుంది, దానికి తగిలించిన కడ్డీ చక్రాన్ని తిప్పుతుంది. పని అయిపోయిన ఆవిరి ఊరికే పోదు. పొగగొట్టంలోనుంచి పైకి తన్నుకుపోతూ, పోతూ పోతూ పొయ్యిలో గాలిని లాగి మంటను రాజేస్తుంది. మనం విసనకర్రతో కుంపటి విసిరినట్టు. పిల్లలు "ఛుక్ ఛుక్" అంటూ ఆడుకునే చప్పుడు అదే. బండి వేగం పెరిగినకొద్దీ మంటకు గాలి తనంతట తనే పెరుగుతుంది. ఈ ఏర్పాటు చేసిన మహానుభావుడెవరో గాని, పొయ్యి ఊది ఊది విసిగినవాడై ఉంటాడు!

ఇక దీని శత్రువు కూడా మన శత్రువే. బోరునీళ్ళు కాచే గిన్నె అడుగున తెల్లగా గార కడుతుంది చూడండి, బాయిలరు లోపలా అంతే. గార కట్టినచోట వేడి నీటికి చేరదు, రేకు కాలుతుంది, బలం తగ్గుతుంది. నడిచే ఇంజనుకు బాయిలరు కడిగే వంతులుంటాయి. నడవని ఇంజనుకు? పైన రంగు వేస్తారు. వానలో ఎండలో నిలబడి, పైరేకు చాటున చేరిన తేమతో లోపల తుప్పు తింటూ ఉంటుంది. కుక్కరు రబ్బరు పాడైతే మార్చుకుంటాం. అడుగు పలచబడిన కుక్కరును పొయ్యిమీద పెట్టే ధైర్యం ఎవరికుంటుంది? అందుకే పాత ఇంజనుకు మళ్ళీ నిప్పు పెట్టే ముందు బాయిలరులో చన్నీళ్ళు నింపి, పనిలో ఉండే ఒత్తిడికంటే ఎక్కువ ఒత్తిడి పెట్టి పరీక్ష చేస్తారు. అది తట్టుకున్నాకే అగ్గిపుల్ల గీయడం. ఇంత తతంగం ఉన్నది కనుకనే "నడుపుతారట" అన్న మాటల్లో నూటికి తొంభై గాలిలో కలిసిపోతాయి.

అయితే ఒక్క ఇంజను విషయంలో మాత్రం ఆ గాలిమాట నిజమయింది. అదీ మామూలు ఇంజను కాదు.

దాని పేరు ఫెయిరీ క్వీన్. 1855లో ఇంగ్లండులోని లీడ్స్ పట్నంలో కిట్సన్ కంపెనీవారు చేశారు. ఆ ఏడే ఓడమీద కలకత్తా చేరింది. కొన్నది ఈస్టిండియన్ రైల్వే. అప్పటికి దానికి పేరే లేదు, 22వ నంబరు అంతే. పేరు పెట్టింది 1895లో, అంటే నలభై ఏళ్ళు పనిచేశాక! మన ఇళ్ళలో కొంతమంది ఆడవాళ్ళ సంగతి గుర్తుకు రావడం లేదూ? నలభై ఏళ్ళు "కోడలా", "వదినా" అనిపించుకున్నాక ఏ సన్మాన పత్రంలోనో సొంత పేరు వినపడుతుంది.

ఆ రైలుమార్గం పుట్టుకే ఒక కథ. బొంబాయి, ఠాణా మధ్య తొలి బండి 1853లో నడిచింది కదా. హౌరాలోనూ అప్పుడే మొదలు కావలసింది. కానీ పెట్టెలు తెస్తున్న గుడ్విన్ అనే ఓడ హుగ్లీ నది మొగలోనే మునిగిపోయింది. ఇంజను తెస్తున్న ఓడ దారి తప్పి ఆస్ట్రేలియా పోయింది. పైగా మధ్యలో చందర్‌నగరు ఫ్రెంచివారిది, వాళ్ళ నేలమీదుగా పట్టాలు పోవాలంటే అదో పేచీ. ఆ రోజుల్లో హౌరా వీధుల్లో ఎన్ని "ట"లు తిరిగి ఉంటాయో ఊహించుకోండి! చివరికి హాడ్జ్‌సన్ అనే రైల్వే ఇంజనీరు కలకత్తాలోనే, బళ్ళు కట్టే కంపెనీల చేత పెట్టెలు చేయించాడు. 1854 ఆగస్టు 15న హౌరానుంచి హుగ్లీకి, 24 మైళ్ళు, తొలి బండి వెళ్ళింది. మొదటి రోజు ఎక్కుతామని మూడువేలమందికి పైగా అర్జీలు పెట్టుకున్నారు.

ఒక్క లెక్క చెబుతాను, లెక్కలంటే విసుక్కోకండి. మొదటి పదహారు వారాల్లో ఆ బళ్ళెక్కినవాళ్ళు 1,09,634 మంది. వాళ్ళలో మొదటి తరగతివాళ్ళు 5,511. రెండో తరగతివాళ్ళు 21,005. మిగిలిన 83,118 మందీ మూడో తరగతి జనమే. మైల పడిపోతామని, కులం చెడుతుందని, నల్లవాళ్ళు ఈ బళ్ళెక్కరని దొరలు అనుకున్నారు గాని, మన జనం మూటా ముల్లె సర్దుకుని ఎక్కేశారు. రైలును నిలబెట్టింది మూడో తరగతి టిక్కెట్టు.

1855 ఫిబ్రవరికి దారి రాణీగంజ్‌దాకా, అంటే 121 మైళ్ళు సాగింది. రాణీగంజ్ అంటే బొగ్గు. ఇంజను తినే తిండి దగ్గరకే ఇంజను వెళ్ళిందన్నమాట. మన 22వ నంబరు చేసిన పని, హౌరా రాణీగంజ్‌ల మధ్య తేలికపాటి మెయిలు బళ్ళు లాగడం. బరువైనవి లాగలేదు పాపం. దానికి ఆరు చక్రాలుంటే, తిప్పే బలం అందేది మధ్యనున్న ఒక్క జత పెద్ద చక్రాలకే. ఒక్కొక్కటి ఆరడుగుల ఎత్తు. ముందు వెనకల జతలు ఊరికే బరువు మోస్తాయి. మొత్తం బరువు 26 టన్నులు. నీళ్ళ తొట్టి వెనక వేరే బండిలో కాకుండా, ఇంజను కిందనే, మూడువేల లీటర్లు పట్టేటట్టు అమర్చారు. ఫొటోలో చూస్తే పెద్ద చక్రం, పొడుగాటి పొగగొట్టం, ఇత్తడి మెరుపు, అచ్చం బొమ్మలకొలువులో పెట్టుకోవచ్చు అనిపిస్తుంది. కానీ ఈ బొమ్మే 1857 తిరుగుబాటు రోజుల్లో సిపాయిల మీదికి పోయే సైన్యాన్ని మోసింది. ఈ ముక్కను పక్కకు తోసెయ్యకూడదు. ఇంజనుకు పక్షపాతం లేదు. నిప్పు ఎవరు పెడితే వాళ్ళ పని చేస్తుంది.

తరువాత బీహారులో రైలుదారులు వేసే పనుల్లో తిరిగి, 1909లో పనినుంచి దిగిపోయింది. హౌరా స్టేషను బయట అరుగుమీద 34 ఏళ్ళు నిలబడింది. 1943లో చందౌసిలోని రైల్వే శిక్షణ బడికి పంపారు. 1972లో ప్రభుత్వం దీన్ని జాతి సంపదగా గుర్తించింది. 1977లో ఢిల్లీ చాణక్యపురిలో రైలు మ్యూజియం తెరిచాక, అక్కడ గౌరవంగా చేర్చారు. కథ అక్కడితో ముగిసినా ఎవరూ తప్పుపట్టేవారు కాదు. ఎందుకంటే ఈ లోగా ఆవిరి కాలమే చివరికి వచ్చింది. చిత్తరంజన్ కర్మాగారంలో పెద్దపట్టాలకు చేసిన ఆఖరి ఆవిరి ఇంజను 1970లో బయటికి వచ్చింది. దానికి "అంతిమ్ సితారా" అని పేరు పెట్టారు, చివరి తార అని. పెద్దపట్టాలమీద మామూలు ఆవిరి బండి ఆఖరుసారి నడిచింది 1995 డిసెంబరులో, జలంధరు, ఫిరోజ్‌పూరుల మధ్య.

అందరూ ఆవిరికి నీళ్ళొదిలేసిన మరుసటి ఏడే, 1996లో, ఈ ముసలమ్మను బాగుచేసే పని మొదలుపెట్టారు! చేసిందెవరు? మద్రాసులోని పెరంబూరు వర్క్‌షాపు. 1856లో మద్రాసు రైల్వేవారు పెట్టిన వర్క్‌షాపు అది. అంటే ఇంజనుకూ ఆసుపత్రికీ ఒక్క ఏడాదే తేడా. 1997 జూలై 18న ఫెయిరీ క్వీన్ మళ్ళీ సొంత ఆవిరితో పట్టాలమీద కదిలింది. 1909నుంచి లెక్కవేస్తే 88 ఏళ్ళ తరువాత. ఆ తర్వాత ఢిల్లీ కంటోన్మెంటునుంచి రాజస్థాన్‌లోని ఆల్వారుకు, 143 కిలోమీటర్లు, యాత్రికుల బండి లాగింది. వేగం గంటకు 40 కిలోమీటర్లు మించకుండా, అరవైమంది ప్రయాణీకులతో. 1998లో గిన్నిస్ పుస్తకంవారు, ప్రపంచంలో సేవలో ఉన్న ఆవిరి ఇంజన్లలో ఇదే అతి పాతదని ఒప్పుకున్నారు.

ఇక్కడ ఒక పేచీ ఉంది. పాత వస్తువును నడిపితే మిగులుతుందా, నడపకుండా ఉంచితే మిగులుతుందా? చరిత్ర చదువుకున్నవాళ్ళు కొందరు నడపవద్దంటారు. లీడ్స్ కమ్మరి 1855లో కొట్టిన రివిటు ఒక సాక్ష్యం, నడపడానికి పనికిరాదని దాన్ని తీసి పారేస్తే ఆ సాక్ష్యం మళ్ళీ రాదు అంటారు. నిజమే కదా. మా ఇంట్లో మా అత్తగారి కత్తిపీట ఉంది. పీట రెండుసార్లు మార్పించాం. కత్తి ఒకసారి మార్పించాం. అయినా ఇంటిల్లిపాదీ దాన్ని "అత్తగారి కత్తిపీట" అనే అంటాం. అందులో ఆవిడ చెయ్యి తగిలిన ముక్క ఏదీ లేదని ఒకనాడు మా అమ్మాయి అడిగేదాకా నాకు తట్టలేదు. అలాగని, అసలు కత్తినే అటకమీద దాచి ఉంచితే? తుప్పుపట్టి ఉండేది. కూర తరగడం ఎలాగో దానితో ఎవరికీ తెలిసేది కాదు. కత్తి ఏ వాలులో పెట్టుకోవాలో, పీటమీద కాలు ఎక్కడ నొక్కాలో మా అత్తగారు నాకు నేర్పింది ఆ పీటమీదే.

ఇంజను సంగతీ అదే అని నాకు తోస్తుంది. బొగ్గు పారతో పొయ్యిలో ఎక్కడ ఎంత పరచాలో, నీటిమట్టం ఎంత తగ్గితే ప్రమాదమో, సుత్తితో కొడితే రేకు ఏ గొంతుతో పలుకుతుందో ఇవి పుస్తకంలో చదివితే వచ్చేవి కావు. మా మామయ్యలాంటివాళ్ళ చేతుల్లో ఉండేవి. ఇంజను ఒకటి బతికి ఉంటే ఆ పనీ ఇంకో చేతికి అందుతుంది. అందుకని నడపాలనే నా ఓటు. అయితే ప్రతి పాత ఇంజనునూ కాదు. ఎక్కడా రెండోది లేని దాన్ని ముట్టుకోకుండా ఉంచడమే మంచిది. ఫెయిరీ క్వీన్‌కు ఒక తోడబుట్టింది ఉంది. అదే కంపెనీ, అదే ఏడు, 21వ నంబరు, ఎక్స్‌ప్రెస్ అని పేరు. జమాల్‌పూరులోనూ, హౌరాలోనూ ప్రదర్శనకు నిలబడి ఉన్న దాన్ని కూడా పెరంబూరువారే బాగుచేశారు. 2010 ఆగస్టు 15న మద్రాసులో నడిపించారు. ఆ ఊళ్ళో మనవాళ్ళు లక్షలమంది, చూసినవాళ్ళు మీలోనూ ఉండే ఉంటారు.

బయటి దేశాల్లోనూ ఈ మోజు తక్కువేమీ కాదు. ఇంగ్లండులో ఫ్లయింగ్ స్కాట్స్‌మన్ అని 1923 నాటి ఇంజను ఉంది. దాన్ని బాగుచేయడానికి పదేళ్ళు, నలభై లక్షల పౌండ్లకు పైగా పట్టింది. వచ్చే ఏడు నడుస్తుందట, ఆ పై ఏడు నడుస్తుందట అని జనం ఎదురుచూసి ఎదురుచూసి, 2016లో అది నిజంగా వచ్చినప్పుడు ఆపుకోలేక పట్టాలమీదికే వెళ్ళి నిలబడ్డారు. మధ్యదారిలో బండి ఆపవలసి వచ్చింది.

మన రాణిగారికి వచ్చిన కష్టం వేరు. 2011లో ఢిల్లీ షెడ్డులో ఉండగా దొంగలు పడి దాని భాగాలు ఊడబీక్కుపోయారు. నూటయాభై ఏళ్ళనాటి ఇత్తడి, రాగి! తూకానికి ఏమొచ్చి ఉంటుంది చెప్పండి. మళ్ళీ పెరంబూరు, మళ్ళీ మరమ్మతు, మళ్ళీ "ఈ చలికాలం నడుస్తుందట". కొన్నేళ్ళు ఆగి, 2017 ఫిబ్రవరిలో ఢిల్లీ కంటోన్మెంటునుంచి రేవాడీకి మరోసారి నడిచింది. రేవాడీలో 1893నాటి ఆవిరి ఇంజన్ల షెడ్డును మ్యూజియంగా ఉంచారు.

నాకొకటే చిన్న గుర్రు. 83 వేల మూడో తరగతివాళ్ళను మోసిన ఆ దారిమీది ఇంజను, తిరిగి లేచాక మోసింది ఖరీదైన టిక్కెట్టు కొనగలిగిన అరవైమందిని. పాతది నడపడానికి ఖర్చవుతుంది, కాదనను. ఏడాదిలో ఒక్కపూటయినా బడిపిల్లల్ని, పాత రైల్వే కార్మికుల్ని ఎక్కిస్తే ఆ బొగ్గు దండగవుతుందా?

1997లో ఆ వార్త పేపరులో పడ్డప్పుడు నేను మామయ్యగారింట్లోనే ఉన్నాను. బొమ్మను కళ్ళదగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూశాడు. "పెరంబూరువాళ్ళా? అయితే చేసే ఉంటారు" అన్నాడు. మళ్ళీ మొదటినుంచి చదివి, "డ్రైవరు పేరూ లేదు, ఫైర్‌మన్ పేరూ లేదు" అన్నాడు. బియ్యం ఏరుతున్న అత్తయ్య తలెత్తకుండానే, "ఉన్నాడో లేడో గాని, ఆ బట్టలు ఉతికే ఆవిడ మాత్రం ఒకతి ఉండే ఉంటుంది" అంది.

మామయ్య పోయి చాలా ఏళ్ళయింది. మొన్న ఆయన కూతురు ఫోను చేసి, ఆ మాటా ఈ మాటా అయ్యాక అన్నది గదా: "వదినా, స్టేషను ముందున్న ఇంజనును మళ్ళీ గోకుతున్నారు. ఈసారి నిజంగానే నడుపుతారట!"